అదనపు ఐపీలతో వీపీఎస్ కొనేవాళ్లు జాగ్రత్త!

వీపీఎస్‌తో (హోస్టింగ్ కంపెనీ అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) పాటు అదనంగా ఐపీలు (ఇంటర్నెట్ అడ్రస్‌లు) కొనాలనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

ప్లాన్‌లో "8 ఐపీలు" అని రాసి ఉంటే తీసుకున్నాను. ఇచ్చింది ఒక /29 బ్లాక్, అంటే వరుసగా 8 అడ్రస్‌లు. అందులో మొదటిది నెట్‌వర్క్ అడ్రస్ (బ్లాక్‌ని సూచించేది), చివరిది బ్రాడ్‌కాస్ట్ (బ్లాక్‌లో అందరికీ ఒకేసారి పంపేది), ఇంకొకటి కంపెనీ వాళ్ల గేట్‌వే (బయటికి దారిచ్చే రూటర్). మనం వాడుకోగలిగేవి 5. బిల్లు మాత్రం 8కి! అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది.

లినక్స్‌లో ఒకే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌కి ఎన్ని అడ్రస్‌లైనా ఇచ్చుకోవచ్చు, ఒక్కోదానికీ ఒక్క కమాండ్ చాలు. ఐదూ ఎక్కించి సర్వర్ లోపల పింగ్ (అడ్రస్ జవాబిస్తోందో లేదో చూసే పరీక్ష) చేస్తే అన్నీ పలికాయి. బయట నుంచి చేస్తే మూడు ఉలకవు, పలకవు. కంపెనీకి సపోర్ట్ టికెట్ పెడితే "లోపల పింగ్ వస్తోంది కదా, మా వైపు అంతా ఓకే, మీ సెట్టింగ్స్ చూసుకోండి" అన్నారు. ఈ మాట నమ్మకండి. సర్వర్ తన అడ్రస్‌ని తానే పింగ్ చేసుకుంటే ఆ ప్యాకెట్ బయటికే వెళ్లదు, లూప్‌బ్యాక్‌లోనే (సర్వర్ లోపలి దారిలోనే) తిరిగొచ్చేస్తుంది. మనది కాని ఐపీ ఎక్కించినా అలాగే పలుకుతుంది.

టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లను చూపించే టూల్) పెట్టి చూస్తే విషయం బయటపడింది. ఈ ఐపీ ఎవరి దగ్గరుందని గేట్‌వే నుంచి ఏఆర్‌పీ రిక్వెస్ట్ వస్తోంది, మన సర్వర్ జవాబిస్తోంది, వెంటనే మళ్లీ అదే రిక్వెస్ట్. అంటే మన జవాబు గేట్‌వేకి చేరడం లేదు. ఒకరి ఐపీ ఇంకొకరు వాడకుండా హోస్ట్ మెషీన్‌లో (మన వీపీఎస్ నడిచే అసలు సర్వర్‌లో) కంపెనీవాళ్లు ఫిల్టర్ పెడతారు. అది పెట్టడం మంచిదే. కానీ అమ్మిన ఐపీలను అందులో చేర్చాల్సింది వాళ్లే కదా! ఆ లాగ్ పంపాకే మూడూ పనిచేశాయి. తీరా చూస్తే వాటిలో ఒకటి అప్పటికే స్పామ్ బ్లాక్‌లిస్ట్‌లో ఉంది, మెయిల్స్ అన్నీ వెనక్కి కొడుతున్నాయి. మార్చమంటే, రిఫండ్ గడువు దాటిపోయిందన్నారు. ఆ గడువు కరిగిపోయింది వాళ్ల టికెట్ల సాగదీతలోనే.

అందుకే వాడుకోదగ్గ ఐపీలు ఎన్నో, బ్లాక్‌లిస్ట్‌లో ఉంటే మారుస్తారో లేదో, రివర్స్ డీఎన్ఎస్ (ఐపీని బట్టి పేరు చెప్పే రికార్డు) మనం పెట్టుకోవచ్చో లేదో ముందే మెయిల్‌లో రాయించుకోండి. చేతికొచ్చిన రోజే ప్రతి ఐపీనీ మొబైల్ డేటా నుంచి పింగ్ చేయండి, స్పామ్‌హాస్ బ్లాక్‌లిస్ట్‌లో వెతకండి.

నాలుగైదు వెబ్‌సైట్లకు వేర్వేరు ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ల కోసమే అయితే అదనపు ఐపీలు అసలు కొనకండి. ఇప్పటి బ్రౌజర్లన్నీ ఎస్ఎన్ఐని (ఏ వెబ్‌సైట్ కావాలో బ్రౌజర్ ముందే సర్వర్‌కి చెప్పే పద్ధతి) సపోర్ట్ చేస్తాయి, ఒక్క ఐపీతోనే పనైపోతుంది.