నాన్న పెన్ను మళ్లీ రాస్తోంది: అబిడ్స్ డెక్కన్ పెన్ స్టోర్స్‌లో రిపేరు

నాన్న రాజమండ్రిలో కొన్న నల్ల ఎబొనైట్ పెన్ను నా చేతిలోంచి జారి సరిగ్గా పాళీ మీదే గచ్చు మీద పడింది. పాళీ ఒక పక్క పైకి లేచిపోయింది, మర్నాడు తెరిస్తే మూత నిండా ఇంకు. మా కాలనీలో ఒక స్టేషనరీ షాపులో చూపిస్తే, మూత కూడా తీయకుండానే "వీటికి స్పేర్లు రావండీ, కొత్తది తీసుకోండి" అన్నారు. చాలా బాధేసింది. అలాగే సొరుగులో పెట్టేస్తే ఆరు నెలల్లో లోపల ఇంకు ఎండి అట్టకట్టింది.

చివరికి అబిడ్స్‌లో డెక్కన్ పెన్ స్టోర్స్‌కి తీసుకెళ్లాను. 1928 నుంచి ఉన్న షాపు. కౌంటర్ దగ్గర పెద్దాయన భూతద్దంతో చూసి, రబ్బరు ముక్కతో పట్టుకుని పాళీనీ, దాని కింద ఉండే నాలుకనీ (షాపుల్లో ఫీడ్ అంటారు) కలిపి మెల్లగా బయటికి లాగారు. "పాళీ బాగైపోతుందమ్మా, పోయింది ఈ నాలుక, చూడండి" అని చూపించారు, అంచున చిన్న పెచ్చు ఊడిపోయి ఉంది. ఇంకు కిందికి దిగేదీ, దాని బదులు గాలి లోపలికి వెళ్లేదీ ఆ నాలుక మీదుండే సన్నటి గాడుల్లోంచే కదా, అది సరిగ్గా లేకపోతే పెన్ను ఇంకు కక్కుతుంది, లేదంటే రాస్తూ రాస్తూ ఆగిపోతుంది. ఇన్నాళ్లూ తప్పంతా పాళీదే అనుకున్నాను నేను.

కొత్త ఎబొనైట్ నాలుకలు మూడు పెట్టి చూశాక ఒకటి సరిపోయింది. తర్వాత చేసిన పనే నాకు బాగా నచ్చింది. వేడినీళ్లలో కాసేపు ముంచి తీసి, పాళీని నాలుక మీద బొటనవేలితో అదిమి పట్టుకున్నారు. ఎబొనైట్ అంటే గంధకం బాగా కలిపి గట్టిపరిచిన రబ్బరే, వేడికి కాస్త మెత్తబడి పాళీ వంపుకి తగ్గట్టు కూర్చుంటుంది. వంకర తీసి, పలచటి ఇత్తడి రేకుతో పాళీ చీలిక శుభ్రం చేసి రాయమన్నారు. గీతలన్నీ బాగానే పడ్డాయి కానీ తలకట్టు పెట్టేటప్పుడు కాగితాన్ని గీరుతోంది. చెప్పగానే విసుక్కోకుండా మళ్లీ అరగదీశారు, అలా నాలుగుసార్లు. ఇద్దరం సినిమాకి వెళ్తే అయ్యేంత ఖర్చు కూడా కాలేదు.

మూత అంచున కూడా ఒక పగులుంది, అది మాత్రం అక్కడ తేలేది కాదు. చేత్తో లేత్ మీద చేసిన పెన్నులకి మరలు దేనికదే కోస్తారు, అదే మోడల్ ఇంకో పెన్ను మూత తెచ్చినా బిగుసుకోదు. అందుకే పెన్నంతా రాజమండ్రి పంపి కొత్త మూత చేయించాను. ఎండకి గొట్టం గోధుమరంగుకి తిరిగింది, మూతేమో కొత్తది కాబట్టి నల్లగా నిగనిగలాడుతోంది. గొట్టానికి కూడా పాలిష్ పెడతామన్నారు, వద్దన్నాను. దాని చివర నాన్న పళ్ల గాట్లున్నాయి.

మీరు వెళ్లేటప్పుడు ఫొటోలు కాదు, పెన్నే పట్టుకెళ్లండి, ముక్కలుంటే అవి కూడా. ముందురోజే ఇంకు పారబోసి మామూలు నీళ్లతో కడగండి, ఎబొనైట్ గొట్టాన్ని నానబెట్టొద్దు, రంగు పోతుంది. ఫిల్లర్‌తో ఇంకు పోసుకునే పెన్నయితే మరలకి కాస్త సిలికాన్ గ్రీజు రాయండి, ఇంకు పావు వంతుకి రాగానే మళ్లీ నింపండి, లేదంటే చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి బొట్టు పడుతుంది. ప్రస్తుతం దీంట్లో బ్రిల్ రాయల్ బ్లూ పోశాను. మొన్న కరెంటు ఆఫీసుకి అర్జీ రెండు పేజీలు దీంతోనే రాశాను, ఎక్కడా ఆగలేదు.