నవల అమ్ముకోవడానికి వాట్సాప్ బిజినెస్: ఒక అచ్చు పూర్తయ్యేదాకా వాడి చూశాక

కిరాణా కొట్టువాళ్లు, చీరల షాపులవాళ్లు వాడే వాట్సాప్ బిజినెస్ యాప్ నవల అమ్ముకునేవాళ్లకు పనికొస్తుందా అన్నది ప్రశ్న. విజయనగరంలో కూర్చుని, సొంత ఖర్చుతో వేసుకున్న నవలను ఒక అచ్చు మొత్తం దీని మీదే నడిపాక రాస్తున్న సమీక్ష ఇది. పాఠకుణ్ణి తెచ్చిపెట్టడం దీనికి చేతకాదు. ఆ పని ఫేస్‌బుక్ చేస్తుంది, లేదా పుస్తకం చదివినవాళ్లెవరో రాసిన నాలుగు ముక్కలు చేస్తాయి. వచ్చిన పాఠకుడు చేజారకుండా, ఎవరి డబ్బు అందింది, ఎవరి పార్సెల్ వెళ్లింది అన్నది కలగాపులగం కాకుండా చూడ్డంలో మాత్రం ఉచితంగా దొరికేవాటిల్లో దీన్ని మించినది కనబడలేదు.

ముందు నంబరు సంగతి. ఒకే ఫోనులో మామూలు వాట్సాప్, బిజినెస్ రెండూ ఉండొచ్చు గానీ రెండింటికీ నంబర్లు వేరుగా ఉండాలి. ఇంటి నంబరునే మార్చేసుకుంటే పెళ్లి పిలుపులూ పుస్తకం ఆర్డర్లూ ఒకే వరసలో పడతాయి, కాబట్టి రెండో సిమ్ తీసుకోవడమే మేలు. వెనక అట్ట మీద అచ్చయ్యేది ఆ నంబరే. రీచార్జి మానేస్తే కొన్నాళ్లకు అది ఇంకొకరి చేతికి పోతుంది, అచ్చయిన అట్టను మనం మార్చలేం. పుస్తకం నిల్వ ఉన్నంతకాలం ఆ సిమ్ బతికి ఉండాలన్న లెక్కతోనే తీసుకోండి.

తర్వాత స్వాగత సందేశం. కొత్తవాళ్లు మొదటిసారి రాసినప్పుడూ, 14 రోజులు మాటల్లేక మళ్లీ రాసినప్పుడూ ఇది దానంతటదే వెళ్తుంది. ఎవరికి వెళ్లాలో ఎంచుకునే చోట ‘అడ్రస్ బుక్‌లో లేనివాళ్లకు’ అన్నది పెట్టుకోకపోతే, పుస్తకానికి ముందుమాట రాసిచ్చిన పెద్దాయన పలకరించినా ‘వెల ఇంత, చిరునామా పంపండి’ అని జవాబు పోతుంది. ‘మేష్టారూ, మీ పుస్తకం కావాలి’ అని ఆప్యాయంగా అడిగినవాళ్లకు యంత్రం మాట ముఖాన కొట్టినట్టు ఉండకూడదు. అందుకని రెండు వాక్యాలు చాలు: పోస్టేజీతో కలిపి వెల ఒకటి; పేరు, ఇంటి నంబరు, ఊరు, మండలం, పిన్‌కోడు, ఫోను నంబరు పంపమన్న మాట ఇంకొకటి. మిగిలింది చేత్తోనే రాయాలి.

రాసుకునే వేళల్లో పంపే ‘అందుబాటులో లేను’ సందేశంలో ఒక మెలిక ఉంది. వేళలు పెట్టుకునే వీలుంది, పొద్దున్న 5 నుంచి 9 అని పెడితే ఆ వేళల్లో ఎవరు రాసినా వెళ్తుంది. అయితే ఫోనుకు ఇంటర్నెట్ ఉంటేనే వెళ్తుంది. రచయితలు చేసేదేమిటంటే, ఏకాగ్రత కోసం డేటా ఆపేస్తారు. అప్పుడు జవాబూ పోదు, అవతలివాళ్లకు ఒక్క టిక్కే కనబడుతుంది. డేటా ఆన్‌లో ఉంచి, చప్పుడు ఆపి, ఫోనును పక్క గదిలో పెట్టాలి.

క్విక్ రిప్లైలు, అంటే ముందే రాసిపెట్టుకునే జవాబులు, 50 దాకా పెట్టుకోవచ్చు, నవలకు నాలుగు చాలు: వెల, చెల్లింపు, పంపే రోజులు, ట్రాకింగ్. చాట్లను విడదీసుకోవడానికి అంటించే లేబుళ్లు 20 దాకా పెట్టుకోవచ్చు. యాప్ ఇచ్చిన పేర్లు షాపులకు సరిపోతాయి గానీ మనకు అతకవు. డబ్బు రావాలి, డబ్బు వచ్చింది, పోస్టు చేశాం, అందింది అని మార్చుకుని, వీటికి రెండు కలపండి: ‘ఉచిత ప్రతి’, ‘రాస్తామన్నారు’. పుస్తకం ఊరికే తీసుకుని సమీక్ష రాస్తామన్నవాళ్లను మూడు వారాలకోసారి గుర్తుచేయడానికి ఈ చివరిదే ఆధారం. ఇబ్బంది ఏమిటంటే, చాట్‌కు పెట్టిన లేబుల్ ఆ మనిషి చాట్ మొత్తానికి అంటుకుంటుంది, ఒక్కో ఆర్డరుకు కాదు. ఒకావిడ తనకు ఒకటి కొని, నెల తర్వాత వదినగారి కోసం ఇంకోటి అడిగితే పాత ‘అందింది’ అలాగే ఉండి కొత్త పార్సెల్‌ను మరిపిస్తుంది. రెండో ఆర్డరు రాగానే పాత లేబుల్ తీసేయడం చేతి అలవాటు కావాలి.

కేటలాగులో 500 వస్తువుల దాకా చోటుంది. ఒక్క నవలకు అదంతా దేనికి అనిపిస్తుంది గానీ, అట్ట బొమ్మ, వెల, నాలుగు వాక్యాల పరిచయం ఒకచోట ఉంటే ప్రతి ఒక్కరికీ మళ్లీ ఫొటో పంపే పని తప్పుతుంది. కార్ట్ సౌకర్యం మాత్రం మనకు అడ్డమే. ఆర్డరు పంపుతుంది గానీ చిరునామా అడగదు, పోస్టేజీ కలపదు. అందుకే కేటలాగులోనే పోస్టేజీ కలిపిన ధర వేయాలి. రెండు ప్రతుల ధరను వేరే వస్తువుగా చూపించాలి, ఎందుకంటే రెండు పుస్తకాలు ఒకే కవరులో వెళ్తే ఖర్చు రెట్టింపు కాదు.

ఎక్కువమంది ఆశ పెట్టుకునేది బ్రాడ్‌కాస్ట్ మీద, అంటే ఒకే సందేశాన్ని ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే సౌకర్యం మీద; ఎక్కువ నిరాశ ఎదురయ్యేదీ అక్కడే. ఒక లిస్టులో 256 మంది పడతారు. అందులో మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. ‘పుస్తకం విడుదలైంది’ అని వందలమందికి పంపి ఉలుకూ పలుకూ లేకపోతే జనానికి సాహిత్యం పట్టలేదని నిట్టూర్చనక్కర్లేదు, వాళ్లలో చాలామందికి సందేశమే వెళ్లి ఉండదు. స్టేటస్‌ది ఇంకా ఇరుకు: ఇద్దరి దగ్గరా ఇద్దరి నంబర్లూ ఉండాలి. కాబట్టి డబ్బు అందిందని చెప్పే జవాబులోనే ‘ఈ నంబరును సేవ్ చేసుకోండి, ట్రాకింగ్ వివరాలు దీన్నుంచే వస్తాయి’ అని ఒక వాక్యం కలపాలి. ఆ వాక్యం లేకుండా నెలలు గడిపితే ఆ పాఠకులంతా రెండో నవల వేళకు మళ్లీ కొత్తవాళ్లే. సాహిత్య సభల గ్రూపుల్లోంచి నంబర్లు ఏరి ఒకే సందేశం గుప్పించడం మాత్రం వద్దు. నలుగురు రిపోర్టు కొడితే ఖాతా మూతపడే ప్రమాదం ఉంది, మూతపడితే అట్ట మీది నంబరు దండగ.

వాట్సాప్ ఛానెల్ వేరే రకం. 2023లో మన దేశంలోకి వచ్చింది. అనుసరించేవాళ్ల నంబర్లు తోటి పాఠకులకు కనబడవు, అది మంచిదే. అయితే అక్కడ మాటకు మాటగా చర్చ సాగదు, ఎక్కువగా ఎమోజీ గుర్తులే పెడతారు. నవల చదివినవాళ్లకు మాట్లాడాలని ఉంటుంది. ఛానెల్‌ను నోటీసు బోర్డుగా వాడుకుంటే చాలు.

ఫేస్‌బుక్ నుంచి ఇక్కడికి దారి షార్ట్ లింకు. బిజినెస్ టూల్స్‌లో దొరుకుతుంది, నొక్కగానే ముందే రాసిపెట్టిన సందేశంతో చాట్ తెరుచుకుంటుంది. ‘పుస్తకం కావాలి’ అని పెడితే పాఠకుడు పంపే గుర్తు నొక్కడమే మిగులుతుంది. నంబరు చూసి, సేవ్ చేసి, రాయాలంటే సగంమంది ఆ మధ్యలోనే ఆగిపోతారు. దీని క్యూఆర్ కోడ్‌ను పుస్తకం చివరి పేజీలో వేయించండి, చదవడం ముగించిన క్షణంలో అభిప్రాయం రాయడానికి అదే దగ్గరి దారి.

నవలలోంచి భాగాలు పెట్టేటప్పుడు చిక్కు యాప్‌లో లేదు, డీటీపీలో, అంటే కంప్యూటర్‌లో పేజీలు కట్టే పనిలో ఉంది. మనవైపు ఇంకా చాలా పుస్తకాలు యూనికోడ్ కాని అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో తయారవుతాయి. ఆ ఫైలులోంచి కాపీ చేసి అతికిస్తే తెలుగు రాదు, పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు, వట్రుసుడులు, కొటేషన్ గుర్తులు, అంకెలు వరసగా సరిచూడాలి, అక్కడే తేడాలొస్తాయి. పోనీ మన దగ్గరున్న మొదటి టైపింగు పెడదామంటే, ప్రూఫుల్లో దిద్దినవి అందులో ఉండవు. అచ్చులో పోయిన తప్పు ఫేస్‌బుక్‌లో తిరిగి లేస్తుంది. డీటీపీవాళ్ల దగ్గర అచ్చుకు వెళ్లిన చివరి పీడీఎఫ్ తప్పక తీసుకుని, దాన్ని పక్కన పెట్టుకుని దిద్దాలి. శ్రీకాకుళం యాసలో సంభాషణలున్న నవలకు ఇంకో తలనొప్పి: ‘నాను’, ‘ఏటి’, ‘సెప్పు’ అని కొడుతుంటే కీబోర్డు ‘నేను’, ‘ఏమిటి’, ‘చెప్పు’ ముందుకు తోస్తుంది. సూచనలు ఆపేసి టైప్ చేయడమే దారి.

యాసకు అసలైన బలం వాయిస్‌లో ఉంది. పాత్రల మాటలు నిమిషం లోపు చదివి పంపితే పేజీ ఫొటోకన్నా ఎక్కువ చేతులు మారుతుంది. అయితే ఫార్వర్డ్ అయిన ఆడియోకు పేరూ ఊరూ ఉండవు. పుస్తకం పేరు, నంబరు ఆడియో చివర నోటితోనే చెప్పాలి.

చెల్లింపుల దగ్గర స్క్రీన్‌షాట్‌ను నమ్మొద్దు. బ్యాంకు ఖాతాలో జమ చూసి, చెల్లింపుకు గుర్తుగా వచ్చే 12 అంకెల యూటీఆర్ నంబరులో చివరి నాలుగూ సరిపోల్చాకే లేబుల్ మార్చాలి. ‘డబ్బు వేస్తున్నాం, పిన్ కొట్టండి’ అని ఎవరైనా అంటే అది మోసం. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

ఇక పోస్టు. పోస్టల్ శాఖ 2025 మే 1న పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది: 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్నులు అదనం. ట్రాకింగ్ ఉంటుంది, విమానం ఎక్కదు కాబట్టి నెమ్మదిగా వెళ్తుంది. పుస్తకంలో ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, కవరు మీద ‘జ్ఞాన్ పోస్ట్’ అని రాయాలి. ఈ 300 గ్రాముల గీత అచ్చుకు ముందే తెలియాల్సింది. డెమ్మీ సైజులో, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) మ్యాప్‌లిథో కాగితం మీద 200 పేజీల నవల అట్టతో కలిపి 230 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. బబుల్ ర్యాప్, కవరు కలిపినా గీత లోపలే. అదే 240 పేజీలైతే పుస్తకమే 270 దాటుతుంది, ప్యాకింగ్‌తో 300 మీదకు పోయి తర్వాతి శ్లాబులో పడుతుంది. కాగితం 80 జీఎస్ఎం ఎంచుకుంటే 200 పేజీలకే అంచున నిలబడాలి. వంటింటి డిజిటల్ కాటా ఒకటి పక్కన పెట్టుకోండి.

ప్యాకింగ్‌లో దెబ్బతినేవి మూలలు. బబుల్ ర్యాప్ ఒక చుట్టు సరిపోదు. నాలుగు మూలల దగ్గర అట్టపెట్టె ముక్కలు పెట్టి చుట్టాలి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలంలో లోపల పాలిథిన్ కవరు తప్పనిసరి, తడిసిన పుస్తకం ఎండినా అట్ట వంకర పోదు.

చిరునామాల దగ్గర మన జిల్లాల గందరగోళం ఒకటి. 2022 ఏప్రిల్ 4 నుంచి రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చాయి. జనం ఇంకా శ్రీకాకుళం అనే రాస్తారు, రాజాం పిన్ కూడా 532తోనే మొదలవుతుంది. జిల్లా పేరు మీద తర్జనభర్జన పడకుండా పిన్‌కోడు, ఫోను నంబరు సరిగ్గా ఉన్నాయా అన్నదే చూసుకోవాలి. వలసలు, పేటలు, పాలెంలు ఇక్కడ లెక్కలేనన్ని. మండలం పేరు లేని చిరునామాను అలాగే పంపొద్దు, అడిగి తీసుకోండి.

రోజూ పోస్టాఫీసుకు తిరిగితే రాత సాగదు. సోమవారం, గురువారం మాత్రమే పంపుతామని క్విక్ రిప్లైలో పెట్టేస్తే ఎవరూ కాదనరు. ప్యాకింగ్ ముందురోజు సాయంత్రం, కౌంటరు పని మధ్యాహ్నం లోపు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగే మంగళవారం, దాని ముందురోజు పంపకాలు పెట్టుకోవద్దు. మూడు లాంతర్ల కూడలి వైపు అడుగు పెట్టే సందుండదు. ఆ రోజుల్లో హైదరాబాదు, బెంగళూరు నుంచి ఊరికొచ్చిన పాఠకులకు చేతికిచ్చేయడమే సులువు, పోస్టేజీ కూడా తగ్గించి ఇవ్వొచ్చు.

యాప్‌లో పెద్ద లోటు, ఎన్ని ప్రతులు పోయాయో ఇది చెప్పదు. లేబుల్ కింద ఎన్ని చాట్లున్నాయో తెలుస్తుంది గానీ ఒక్కో చాట్‌లో ఎన్ని ప్రతులో తెలియదు. తేదీ, పేరు, పిన్, ప్రతులు, యూటీఆర్ చివరి అంకెలు, ట్రాకింగ్ నంబరు ఉన్న షీటు ఒకటి పక్కన నడపాల్సిందే. 500 ప్రతులు వేసి, సగానికి పైగా నేరుగా పాఠకులకే అమ్మాలనుకునేవాళ్లకు ఈ చాకిరీ గిట్టుబాటవుతుంది, ఎందుకంటే షాపులకు ఇచ్చే కమీషను మిగులుతుంది. వంద ప్రతులు వేసి తెలిసినవాళ్లకు పంచేవాళ్లకు రెండో సిమ్ రీచార్జి కూడా దండగే, మామూలు వాట్సాప్ సరిపోతుంది.