లా హోయాలో నీటి కింద: కోవ్ వైపు దిగాలా, షోర్స్ వైపు దిగాలా?

కాలిఫోర్నియాలో శాన్ డియేగో నగరపు ఉత్తర భాగాన ఉన్న లా హోయా గురించి అడిగేవారిలో చాలామంది అక్కడి ‘కోవ్’ ఒక్కదాన్నే మనసులో పెట్టుకుని అడుగుతారు. ఫొటోల్లో కనిపించేది అదే కాబట్టి అందులో వింత లేదు. అయితే నీటిలోకి దిగడానికి అక్కడ రెండు చోట్లున్నాయి. రాతి కొండల నడుమ ఒదిగిన చిన్న ఇసుక ఒడ్డు కోవ్. దానికి ఈశాన్యంగా, సముద్ర గుహలున్న కొండ అంచు దాటాక పరుచుకున్న పొడవాటి ఇసుక తీరం లా హోయా షోర్స్. ఒకచోటి నుంచి మరోచోటికి కారులో కొద్ది నిమిషాల ప్రయాణమే అయినా అడుగున నేల, అలల తీరు, కనిపించే జీవాలు, దిగే పద్ధతి అన్నీ వేరు. ఆగస్టు చివరలో కుటుంబంతో వెళ్లి రెండుచోట్లా దిగాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: స్నార్కెల్ (నీటి పైన తేలుతూ గాలి పీల్చుకునే గొట్టం) పెట్టుకుని మొదటిసారి నీళ్లలోకి తొంగిచూసేవారు షోర్స్‌కు వెళ్లాలి, లోతు నీళ్లలో నిబ్బరంగా ఈదగలవారు అల తక్కువగా ఉన్న పూట చూసుకుని కోవ్‌కు వెళ్లాలి.

మా బృందంలో అన్ని రకాల వాళ్లమూ ఉన్నాం. మా బావమరిది అండమాన్‌లో స్కూబాకు, అంటే గాలి సిలిండర్ కట్టుకుని మునగడానికి, తొలి శిక్షణ అయిన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తిచేసినవాడు. నాకూ నా భార్యకూ ఈత వచ్చు కానీ సిలిండర్ కట్టుకున్న అనుభవం లేదు. కాకినాడ నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు ఒడ్డున కూర్చునేవారే. అందువల్ల ప్రతి చోటునూ మూడు రకాల కళ్లతో చూడవలసి వచ్చింది.

ఇంత పెద్ద నగరాన్ని ఆనుకుని ఇన్ని జీవాలు మిగిలి ఉండటానికి రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి నేల తీరు: షోర్స్ ఎదుట ఒడ్డుకు కొన్ని వందల మీటర్ల దూరంలోనే సముద్రగర్భపు లోయ తల మొదలై, పోనుపోను చాలా లోతుకు దిగిపోతుంది. లోతు నీటి చల్లదనం, పోషకాలు తీరానికి ఇంత దగ్గరగా చేరడం వల్ల ఇక్కడ మేతకు కొరత లేదు. రెండోది చట్టం. 1970లోనే ఈ నీటిని శాన్ డియేగో – లా హోయా అండర్‌వాటర్ పార్కుగా ప్రకటించారు. 2012 నుంచి కోవ్‌తో సహా ఇందులో కొంత భాగం మట్లహ్వాయల్ సముద్ర అభయారణ్యం కింద ఉంది. దాని హద్దుల్లో చేప పట్టడమే కాదు, గవ్వ ఏరుకోవడం కూడా నేరమే. అత్తయ్యగారు అలవాటుగా ఒడ్డున రెండు గవ్వలు ఏరితే, పక్కనే ఉన్న ఒక స్థానికురాలు మర్యాదగానే చెప్పి మళ్లీ అక్కడే పెట్టించింది.

కోవ్‌కు మెట్ల మీదుగా దిగాలి. మనం దిగే ఇసుక మేర చాలా చిన్నది. పోటు మీద ఉన్నప్పుడు అదీ సగమవుతుంది. దిగకముందే పలకరించేది వాసన. బండల మీద సీ లయన్లు (సముద్ర సింహాలు), పైన కొండ అంచున నీటికాకులు, గూడబాతులు ఏళ్ల తరబడి కాపురముంటున్నాయి కాబట్టి ఆ కంపు తప్పదు. కాసేపటికి ముక్కు అలవాటు పడుతుంది. ఈ తీరమంతా పడమటికి చూస్తుంటే కోవ్ మాత్రం ఉత్తరానికి తిరిగి ఉంటుంది. అందుచేత వేసవిలో దక్షిణం నుంచి వచ్చే కెరటాలు దీన్ని పెద్దగా తాకవు. చలికాలంలో వాయవ్యం నుంచి లేచే కెరటాలు మాత్రం తిన్నగా లోపలికే వస్తాయి. అప్పుడు బండల మధ్య దిగడం ప్రమాదం. జీవరక్షకుల గది ఎదుటే ఉంటుంది. వారిని అడిగి దిగడం మొహమాటపడవలసిన విషయం కాదు, అడిగితే వాళ్లే సంతోషిస్తారు.

అల లేని పొద్దున కోవ్‌లో కనిపించేదానికి మాత్రం సాటి లేదు. పదడుగుల లోతు కూడా రాకముందే బండలను కప్పిన సముద్రపు గడ్డి అలతోపాటు అటూ ఇటూ ఊగుతుంటుంది; దాని మీద నారింజ రంగు గారిబాల్డీ చేపలు తిరుగుతుంటాయి. 1995 నుంచి ఇది కాలిఫోర్నియా రాష్ట్ర సముద్ర చేప. దీన్ని పట్టడం నిషిద్ధం కాబట్టి మనిషిని చూసి బెదరదు సరికదా, మగచేపలు తమ గూటి దగ్గరికి వస్తే ఎదురు తిరుగుతాయి. ఎర్రటి నాచును మాత్రమే ఉంచి, తక్కినదంతా ఏరిపారేసి, ఆడచేప గుడ్లు పెట్టడానికి అవి ఆ చోటును సిద్ధం చేస్తాయి. ఒకటి నా మాస్కు దాకా వచ్చి నిలబడింది. నేనే వెనక్కి తగ్గాను. పిల్ల గారిబాల్డీల ఒంటి మీద మెరిసే నీలం చుక్కలుంటాయి, అవి రాళ్ల సందులు వదిలి రావు. ఇంకొంచెం బయటికి ఈదితే కెల్ప్ మొదలవుతుంది. అడుగున రాతిని పట్టుకుని నీటి పైదాకా ఎదిగే ఈ నాచు తీగల మధ్య ఎండ చారలు చారలుగా పడుతుంది. చిక్కుకుంటే గింజుకోకుండా తాపీగా తీగను తప్పించుకోవాలి. అది తేలిగ్గానే తెగుతుంది.

సీ లయన్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే కోవ్‌లో మనుషులు అసభ్యంగా ప్రవర్తించేది వాటి దగ్గరే. సముద్ర క్షీరదాలను వేధించడం 1972 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, కనీసం 50 గజాల దూరం పాటించమని అధికారుల సూచన. అయినా సెల్ఫీ కోసం పిల్లల్ని వాటి పక్కన నిలబెట్టేవారు ఎక్కువైపోవడంతో, పక్కనున్న పాయింట్ లా హోయా బండల మీదికి మనుషులు వెళ్లకుండా నగర పాలక మండలి 2023లో ఏడాది పొడవునా మూసివేసింది. పైనున్న కాలిబాట నుంచి హాయిగా చూడవచ్చు. మామయ్యగారు చేసింది అదే, నాకు తెలిసి అందరికంటే ఎక్కువ చూసింది కూడా ఆయనే. నీటిలో మాత్రం దూరం మన చేతిలో ఉండదు. కుర్ర సీ లయన్లు తమంతట తామే వచ్చి మన చుట్టూ గిరికీలు కొట్టి వెళ్తాయి. అలాంటప్పుడు చేతులు దగ్గరగా పెట్టుకుని తేలుతూ ఉండాలి. వెంట ఈదకూడదు, తాకకూడదు. పెద్ద మగది మొరుగుతూ ఎదురొస్తే దారి ఇచ్చి ఒడ్డుకు మళ్లడమే మంచిది.

కోవ్‌కు దక్షిణంగా నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చిల్డ్రన్స్ పూల్‌లో ఉండేవి సీ లయన్లు కావు, హార్బర్ సీల్స్. చెవి తమ్మె బయటికి కనిపించక, నేల మీద పొట్టతో పాకేవి సీల్స్. చిన్న చెవులుండి, ముందు తెడ్ల మీద లేచి నడిచేవి సీ లయన్లు. పిల్లలు ఈదడానికని 1931లో అక్కడ అడ్డుగోడ కడితే, ఆ నిలకడ నీటిని చివరకు సీల్స్ సొంతం చేసుకున్నాయి. అవి ఈనే కాలమైన డిసెంబరు 15 నుంచి మే 15 వరకు ఆ ఒడ్డును మూసివేస్తారు. చూడటానికి తప్ప దిగడానికి నేను ఆ చోటును సూచించను.

ఇక షోర్స్. ఏటా వేసవి ముదిరాక, ఈ తీరపు దక్షిణపు కొసన, మొలలోతు నీటిలోకి చిరుత సొరలు గుంపులుగా వస్తాయి. ఒంటి మీద నల్లటి మచ్చలతో నాలుగైదు అడుగుల పొడవుండే ఈ లెపర్డ్ షార్కులు మనిషికి హాని చేయవు. వచ్చేవాటిలో అత్యధికం చూలుతో ఉన్న ఆడసొరలే. నిలకడగా, వెచ్చగా ఉండే లోతు తక్కువ నీటిలో కడుపులోని పిల్లలు త్వరగా ఎదుగుతాయి కాబట్టి అవి ఈ మూలను ఎంచుకుంటాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. సొర అన్నమాట వినగానే నా భార్య వెనకాడింది. గైడు ఆమెను నడుము లోతులో నిలబెట్టి మాస్కు ముంచి చూడమన్నాడు. కాళ్ల పక్కనుంచి ఒకటి సాఫీగా సాగిపోయాక ఆమెను బయటికి రప్పించడమే కష్టమైంది. కాళ్లు కొట్టి చప్పుడు చేస్తే అవి చెదిరిపోతాయి. కదలకుండా తేలితే కిందనుంచే వెళ్తాయి. గాలి లేవకముందు, పొద్దుటి పూటే నీరు తేటగా ఉంటుంది. వాటితోపాటు గిటార్ ఆకారంలో ఉండే గిటార్‌ఫిష్, రెక్కలు ఆడించే బ్యాట్ రే కూడా కనిపించాయి. జాగ్రత్తపడవలసింది ఇసుకలో కప్పుకుని ఉండే చిన్న టేకు చేపల విషయంలోనే. పాదం ఎత్తి వేయకుండా నేలకు రాసుకుంటూ నడిస్తే అవి తప్పుకుంటాయి. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పాదం ముంచడమే ప్రథమ చికిత్స, జీవరక్షకుల దగ్గర ఆ ఏర్పాటు ఉంది.

సేవల విషయానికొస్తే, షోర్స్ పక్కవీధి అవెనీడా డి లా ప్లాయాలో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ), స్నార్కెల్ దుకాణాలు వరసగా ఉన్నాయి. గైడుతో వెళ్లే స్నార్కెలింగ్‌కు పెట్టిన డబ్బు ఈ ప్రయాణం మొత్తంలో సార్థకమైన ఖర్చు అని నా లెక్క. వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూటు), ఫిన్స్ (కాళ్లకు తొడిగే తెడ్లు), మాస్కు అందులోనే ఇస్తారు. ఏ పూట ఏ మూలన సొరలున్నాయో వాళ్లకు తెలుసు. అనుభవం ఉన్నవారు సామాను అద్దెకు తీసుకుని సొంతంగా వెళ్తే ఖర్చు బాగా తగ్గుతుంది. మాస్కు మాత్రం ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి పీల్చి, చేయి వదిలినా పడిపోకుండా నిలిచేదే తీసుకోవాలి. మీసం ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. మేము మొదట అడిగిన దుకాణంలో బృందానికి ఎంతమంది, గైడు ఎంతసేపు నీటిలో ఉంటాడు అన్న ప్రశ్నలకు సూటిగా జవాబు రాలేదు, పక్క దుకాణానికి వెళ్లిపోయాం. కయాక్‌లో గుహల దాకా వెళ్లడం బాగానే ఉంటుంది కానీ, కెరటాలు లేస్తే గుహలోకి తీసుకువెళ్లరు. అది ముందే అడిగి తెలుసుకోవాలి.

స్కూబా కథ వేరు. షోర్స్‌లో పడవ ఉండదు. పాతిక కిలోలు దాటే సామాను మోసుకుని ఇసుకలో నడిచి, విరిగే అలలను దాటి, ఈదుకుంటూ వెళ్లి లోయ అంచున మునగాలి. అండమాన్‌లో పలుచటి సూటుతో దిగిన మా బావమరిది ఇక్కడ 7 మిల్లీమీటర్ల సూటు, తలకు హుడ్డు వేసుకోవలసి వచ్చింది. సూటు మందమయ్యేకొద్దీ మనిషి తేలిపోతాడు కాబట్టి నడుముకు కట్టే బరువూ పెరిగింది. వేసవిలో పైనీరు 20 డిగ్రీల దాకా ఉన్నా, లోయ అంచు దాటి దిగేసరికి ఒక్కసారిగా చలి పట్టుకుంటుంది. దృశ్యమానత కూడా అండమాన్‌తో పోల్చదగింది కాదు. ఆ రోజు అయిదారు మీటర్లకు మించి కనిపించలేదట. “పగడాలు లేవు బావా, కానీ ప్రతి బొరియలోనూ ఎవరో ఒకరున్నారు” అన్నాడు పైకి వచ్చాక. లోయ గోడ బొరియల్లో ఆక్టోపస్‌లు, పొడవాటి మీసాల రాతిరొయ్యలు, న్యూడిబ్రాంక్‌లు అనే రంగురంగుల, చిప్పలేని సముద్రపు నత్తలు చూశాడు. టార్చి లేకుండా వెళ్తే వాటిలో సగం కనిపించవు.

సర్టిఫికెట్ లేనివారికి కూడా పరిచయ డైవింగ్ ఉంది. ముందు ఆరోగ్య ప్రశ్నావళి నింపాలి, ఈత కొలనులోనో నిలకడ నీటిలోనో సాధన చేయాలి, ఆపైనే సముద్రం. పద్ధతి సరైనదే. కానీ చలి, మందపాటి సూటు, అలలు, మసక నీరు అన్నీ ఒకేసారి ఎదురయ్యే ఇక్కడ తొలి డైవ్ చేయమని నేను ఎవరికీ చెప్పను. అంత డబ్బు పెట్టి తొలిసారి మునిగేవారికి అండమాన్‌లోని హావ్‌లాక్ దీవి, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్, వెచ్చటి నీరే అనువు. డైవ్ చేసినవారు తిరుగు విమానం చూసుకుని టికెట్ తీసుకోవాలి: ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలని డైవర్ల భద్రతా సంస్థల సూచన.

బస సంగతి. పెద్దవాళ్లు కిటికీలోంచి సముద్రం చూడాలని మొదట కోవ్ ఎదుట ఉన్న ఒక హోటల్లో గది తీసుకున్నాం. దృశ్యం మాట నిలబెట్టుకుంది. రాత్రంతా సీ లయన్ల అరుపులు, కిటికీ తెరిస్తే కంపు, పైగా బుకింగ్ సమయంలో స్పష్టంగా చెప్పని పార్కింగ్ రుసుము. అత్తయ్యగారికి గూడబాతులు ఎంత నచ్చినా నిద్ర లేకపోవడం నచ్చలేదు. తరువాత విశ్వవిద్యాలయం వైపు లోపలికి ఉన్న ఒక సాదా బసకు మారాం. అద్దె తక్కువ, పార్కింగ్ ఉచితం, ఉదయాన్నే బయలుదేరితే షోర్స్ చేరడానికి ఎంతోసేపు పట్టదు. షోర్స్‌లో కెల్లాగ్ పార్కు పక్కన ఉచిత పార్కింగ్ ఉంది కానీ వేసవిలో పొద్దున్నే నిండిపోతుంది. అక్కడే స్నానపు కుళాయిలు, మరుగుదొడ్లు ఉన్నందువల్ల డైవ్ చేసేవారికి ఎంతో సౌకర్యం. కోవ్ దగ్గర వీధి పార్కింగ్‌కు గంటల పరిమితి ఉంటుంది. సూటు విప్పుకునే వ్యవధిని కూడా కలిపి లెక్కించుకోవాలి.

భోజనం ఆ ఊళ్లో ప్రియమే, శాకాహారులకు ఎంపికా తక్కువే. మీరా మీసాలో బ్లాక్ మౌంటెన్ రోడ్డు మీద మన దినుసుల దుకాణాలు, దక్షిణాది హోటళ్లు ఉన్నాయి; రద్దీ లేకపోతే అరగంటలోపు ప్రయాణం. అక్కడినుంచి తెచ్చుకున్న పులిహోర కెల్లాగ్ పార్కు పచ్చికలో కూర్చుని తిన్నాం, సముద్రపు గువ్వలను తోలుతూనే.

నీటిలోకి దిగని పెద్దలకు స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ వారి బర్చ్ అక్వేరియం నిజంగా మంచి చోటు. కెల్ప్ అడవి మొత్తాన్ని ఒక పెద్ద గాజు తొట్టిలో నిలబెట్టారు, చిరుత సొరలూ ఉన్నాయి. మేము నీటిలో చూసినవాటిని అత్తయ్యగారికి అక్కడ చూపించగలిగాం. కెల్లాగ్ పార్కు నేలమీద సముద్రగర్భపు లోయల పటాన్ని పరిచి, జీవాల బొమ్మలను పొదిగారు. దిగేముందు దాని మీద అయిదు నిమిషాలు నడిస్తే ఏ దిక్కున లోతుందో అర్థమవుతుంది. సన్నీ జిమ్ గుహకు మాత్రం ఇరుకు సొరంగంలో 145 మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవారు మానుకోవచ్చు.

నెల ఎంచుకునే వీలుంటే ఆగస్టు, సెప్టెంబరులే మేలు. మే, జూన్‌లలో మధ్యాహ్నం దాకా మబ్బు విడవదు, నీరూ చల్లగానే ఉంటుంది. సొరలతో పనిలేని డైవర్లకు చలికాలం కూడా బాగుంటుందని, అప్పుడప్పుడు అప్పుడే నీరు ఎక్కువ తేటగా ఉంటుందని దుకాణంలో చెప్పారు. మా బావమరిది ఆ మాట పట్టుకుని జనవరికి సెలవు చూసుకుంటున్నాడు.