ద్వారకానగర్ త్రీడీ షాపు: 17 గంటల్లో ఒక ఎలివేషన్

ముందే చెప్పేస్తున్నాను, ఈ షాపు పేరు రాయను. రాయొద్దని ఆ కుర్రాడే అడిగాడు. శుక్రవారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నకల్లా కావాలనేవాళ్ళ పుణ్యమా అని అతనికి ఇప్పటికే ఆదివారాలు లేవట. కట్టబోయే బిల్డింగులకి కంప్యూటర్లో త్రీడీ బొమ్మలు చేసే షాపు, విశాఖ ద్వారకానగర్‌లో జిరాక్స్ షాపుల లైన్లో, రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు. మెట్ల మీద ఎవరివో ఫ్లెక్సీ చుట్టలు పడి ఉంటాయి, దాటుకుని ఎక్కాలి. బండి పెట్టుకోవడానికి చోటు దొరికిందంటే ఆ రోజు లేచిన వేళ మంచిదే.

నాది అక్కయ్యపాలెంలో బిల్డింగ్ ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు. నేను, ఒక డ్రాఫ్ట్స్‌మన్, సాయంత్రాలు వచ్చే ఒక అమ్మాయి. త్రీడీలు ఆ అమ్మాయే చేస్తుంది, బాగానే చేస్తుంది. ఈసారి మాత్రం పరువు పోయినంత పనైంది, తప్పు నాది కూడా.

ఎండాడలో స్టిల్ట్ ప్లస్ 5, అంటే కింద స్తంభాల మధ్య పార్కింగ్, పైన ఐదు అంతస్తులు. డెవలప్‌మెంట్‌కి ఇస్తున్న స్థలం. రోడ్డు తూర్పున. స్థలం గల పెద్దాయన పోర్టులో రిటైరయ్యారు. గురువారం సాయంత్రం ఊరికే చూపిద్దామని ఆయనకి బొమ్మ చూపించాను. బిల్డింగ్ వెనకాల సముద్రం, అందులోకి దిగుతున్న ఎర్రటి సూర్యుడు, ముందు గోడంతా బంగారు పూత. ఆయన కళ్ళజోడు సవరించుకుని కాసేపు చూశారు. “ఏటమ్మా, మన ఊళ్ళో సూర్యుడు సముద్రంలోకి ఎప్పట్నుంచి దిగుతున్నాడు? ఇన్నేళ్ళు పోర్టులో చేశాను, నేనెప్పుడూ చూళ్ళేదు” అన్నారు.

నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. మనకి సముద్రంలోంచి పొడుస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. బడిపిల్లలకి తెలిసిన సంగతే. పైగా ఆ రోడ్డు మీద నిలబడి బిల్డింగ్‌ని చూస్తే సముద్రం మన వీపు వెనక ఉంటుంది. బిల్డింగ్ వెనకాల ఉండేది కొండ. తూర్పు గోడ మీద సాయంత్రం ఎండ పడటం అన్నింటికన్నా ఘోరం.

ఆయన తమ్ముళ్ళిద్దరూ శనివారం పొద్దున్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దిగుతున్నారు, పదింటికి మీటింగ్. మా బిల్డర్‌కి టెన్షన్, ఆయన టెన్షనంతా నా ఫోన్లో. శుక్రవారం మధ్యాహ్నం దాకా మేమే సర్దుదామని చూశాం. ఆకాశం మార్చాం, చెట్లు పెంచాం, రంగులు ముదరబెట్టాం. మార్చినకొద్దీ పెళ్ళి ఫ్లెక్సీలా తయారైంది. ఐదింటికి ఆ మెట్లు ఎక్కాను.

అతను మా బొమ్మ జోలికి వెళ్ళకుండా ముందు మూడు ప్రశ్నలు వేశాడు. ప్రింటు ఏ సైజు, ఎన్ని వ్యూలు, సైటు ఫొటోలు ఉన్నాయా. ఏ3 అన్నాను. ఏ3 సైజులో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల ప్రింటుకి 4961 × 3508 పిక్సెల్స్ కావాలి, మేం తీసింది 1920 × 1080. “ఇది ఫోన్లో చూసుకోవడానికి మేడమ్” అన్నాడు, ఏ వెటకారమూ లేకుండా. నాలుగు వ్యూలు అడిగితే ఒకటి బాగా చేద్దాం, టైముంటే రెండోది చూద్దామన్నాడు. రెండోది రాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే దాని అవసరమూ పడలేదు. సైటు ఫొటోలు మాత్రం లేవు నా దగ్గర. చీకటి పడకముందే నాలుగు వైపులా తీసి పంపమని వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను.

రంగులన్నీ తీసేసి మోడల్‌ని సున్నం కొట్టినట్టు ఒకే తెలుపులోకి మార్చాడు. ఆ తెల్ల బొమ్మ మీదే గంటసేపు కూర్చున్నాడు. మేం కెమెరాని గాల్లో, పక్కింటి మూడో అంతస్తు ఎత్తులో పెట్టాం. అతను దాన్ని 1.6 మీటర్లకి, మనిషి కంటి ఎత్తుకి దించాడు, లెన్స్ 28 మిల్లీమీటర్ల దగ్గర పెట్టాడు, నిలువు గీతలు వాలకుండా సరిచేశాడు. బొమ్మలాంటి బిల్డింగ్ కాస్తా లేచి నిలబడింది.

తర్వాత ఎండ. మోడల్‌కి ఊరు చెప్పకపోతే స్కెచప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ తను పుట్టిన ఊరు, అమెరికాలోని బౌల్డర్ ఎండనే చూపిస్తుంది. ఆ ఊరు 40 డిగ్రీల ఉత్తరాన ఉంది, మనం 17.7 దగ్గర ఉన్నాం. అక్కడ సూర్యుడు ఏడాది పొడుగునా మధ్యాహ్నం దక్షిణానే ఉంటాడు. మనకి జూన్‌లో నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి వాలతాడు. ఇన్నేళ్ళుగా మా త్రీడీల్లో నీడలు ఏ ఊరివో ఎవరికి తెలుసు! అతను విశాఖపట్నం పెట్టి, డిసెంబరు, పొద్దున్న ఎనిమిదిన్నర అని నొక్కాడు. ఆగ్నేయం నుంచి ఏటవాలుగా ఎండ వచ్చి బాల్కనీల నీడలు గోడ మీద వాలుగా పడ్డాయి. ఏ అంతస్తు ఎంత ముందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. ఆ ప్రొజెక్షన్లు గీసింది నేనే, నాకే అప్పుడు కనిపించాయి.

సముద్రం సంగతి వేరే చెప్పాలి. వెనకాల సముద్రం తీసేసి వాచ్‌మన్ పంపిన కొండ ఫొటో పెట్టాడు. “అయితే సీ వ్యూ పోయినట్టేనా బాబూ?” అన్నాను దిగులుగా. “సముద్రం అద్దాల్లో కనబడాలి మేడమ్” అన్నాడు. కెమెరాకి వెనక వంపు తిరిగిన తెరలాంటిది కట్టి దానికి సముద్రం ఫొటో అంటించాడు. రెండో అంతస్తు నుంచి పైన బాల్కనీ అద్దాల్లో పొద్దుటి ఆకాశం, దాని కింద సన్నటి నీలం గీత వచ్చాయి. కింద అంతస్తు అద్దాల్లో ఎదుటి ప్రహరీ మాత్రమే. ఈ ఒక్క పనికే అడిగినంత ఇచ్చేయొచ్చు అనిపించింది.

మిగతావి చకచకా చేశాడు. పిట్టగోడ అంచులు బ్లేడుతో కోసినట్టు ఉంటే 5 మిల్లీమీటర్లు గుండ్రం చేశాడు, అంచు మీద వెలుగు ఆగింది. విదేశీ చెట్లు పీకేసి వేప, కొబ్బరి, గేటు పక్కన వాచ్‌మన్ ఫొటోలో ఉన్న బాదం చెట్టు పెట్టాడు. నల్లగా నిగనిగలాడే మా రోడ్డుకి అంచున ఎర్రమట్టి చల్లాడు. రాత్రి తొమ్మిదింటికి బిల్డర్ ఫోన్ చేసి బ్రౌన్ తగ్గించాలన్నారు. నా గుండె జారింది. మెటీరియల్ ఐడీ అని ప్రతి రంగుకీ వేరే ముసుగు వచ్చేలా ఇంకో బొమ్మ కూడా తీస్తాను కాబట్టి రెండర్ అయ్యాక, అంటే మోడల్ నుంచి అసలు బొమ్మ వచ్చాక, ఫొటోషాప్‌లో ఐదు నిమిషాల పని అన్నాడు. రాత్రి పదకొండున్నరకి ఫైనల్ రెండర్ పెట్టి నన్ను ఇంటికి పంపేశాడు.

లోపాలూ చెప్పాలి. ఏసీ గాలంతా కంప్యూటర్లకే, మనకి ప్లాస్టిక్ కుర్చీ, ఉక్క. పొద్దున్న ఏడింటికి వాట్సాప్‌లో వచ్చిన బొమ్మలో గేటు దగ్గర చీరకట్టుకున్నావిడకి నీడ లేదు, నేల మీద తేలుతున్నట్టుంది. చెబుదామని ఫోన్ చేస్తే నాలుగుసార్లు ఎత్తలేదు. పడుకున్నాడట, అదీ న్యాయమే. ఎత్తాక మొత్తం మళ్ళీ రెండర్ చేయకుండా ఆ ముక్క వరకే రీజియన్ రెండర్ చేసి ఇరవై నిమిషాల్లో పంపాడు. సరిచేసిన మోడల్ ఫైల్ ఇవ్వమంటే దానికి వేరే డబ్బులు. బిల్లు 12 రోజులకి వచ్చింది. అర్జెంటు చార్జీతో కలిపి 6,000 తీసుకున్నాడు. ఒక్క వ్యూకి మన ఊళ్ళో ఇది ఎక్కువే. టైముంటే నేను వెళ్ళను, మా అమ్మాయికి ఊరు, కెమెరా ఎత్తు ఎలా పెట్టాలో ఇప్పుడు వచ్చేసింది.

కింద షాపులోనే ఏ3 ప్రింటు తీయించి పదింటికి అందుకున్నాను. తమ్ముళ్ళిద్దరూ లెక్కలూ వాటాలూ మాట్లాడుకుంటుంటే పెద్దాయన బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వేలితో ఒక్కొక్కటీ తడిమారు. అద్దంలో నీలం గీత దగ్గర ఆగి నా వైపు చూసి నవ్వారు. తర్వాత వేలు గేటు పక్కకి వెళ్ళింది.

“మా అమ్మ వేసిన బాదం చెట్టమ్మా ఇది. ఉంచేస్తన్నారన్నమాట!”

మా ప్లాన్లో పార్కింగ్ ర్యాంపు సరిగ్గా ఆ చెట్టు మీదుగా వెళ్తుంది. బిల్డర్ నా వైపు చూశారు, నేను బొమ్మ వైపు చూశాను. “ఉంచుతున్నాం బాబాయిగారూ” అనేశాను. అగ్రిమెంటు మీద సంతకాలు అయ్యాయి. నేను మూడు రోజులుగా ర్యాంపుని దక్షిణం వైపుకి జరిపి స్టిల్ట్ ప్లాన్ మళ్ళీ గీస్తున్నాను. ఒక కారు పార్కింగ్ తగ్గుతోంది, ఆ మాట బిల్డర్‌కి ఇంకా చెప్పలేదు.