జెంకిన్స్ క్యూ: ఏ పని ఏ ఏజెంట్‌కి వెళ్తుందో తేల్చేది ఇదే

కోడ్ మారినప్పుడు బిల్డ్, టెస్ట్ లాంటి పనులను తానే నడిపే సాధనం జెంకిన్స్. దాని మీద సమీక్షలన్నీ పైప్‌లైన్ల (దశలవారీగా రాసిన పనుల వరుస) గురించో ప్లగిన్ల గురించో ఉంటాయి. ఎవరికీ అప్పగించని పనిని ఖాళీగా ఉన్న ఏజెంట్‌తో, అంటే పని నడిపే మెషీన్‌తో, జత కలిపే క్యూని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ రాసేది ఆ క్యూ గురించే. ఏజెంట్‌లో ఏముందో చెప్పే గుర్తులను, అంటే లేబుళ్లను, శ్రద్ధగా పెట్టుకున్న టీమ్‌కి దీనంత నమ్మకమైన సాధనం అరుదు. పెట్టుకోకపోతే మాత్రం పనులు చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి.

కోడ్ మారినందువల్ల మొదలైన జాబ్ (ఒక పని) ముందుగా క్వయట్ పీరియడ్‌లో, అంటే ఇంకేమైనా మార్పులు వస్తాయేమోనని వేచి ఉండే సమయంలో, ఆగుతుంది. మామూలుగా అది 5 సెకన్లు. అదే జాబ్ ఇప్పటికే నడుస్తూ ఉండి, రెండోది కలిపి నడపొద్దని సెట్టింగ్ ఉంటే బ్లాక్ అవుతుంది. ఆ గండం దాటాకే ఏజెంట్ వేట. ఆన్‌లైన్‌లో ఉందా, లేబుల్ కుదిరిందా, ఎగ్జిక్యూటర్ (ఏజెంట్‌లో ఒక జాబ్ నడిచే చోటు) ఖాళీనా అని చూస్తుంది.

దీని అసలు బలం లేబుల్ లెక్కలోనే ఉంది. ‘లినక్స్ కావాలి, డాకర్ కావాలి, ఆర్మ్ వద్దు’ అని ఒకే వరుసలో రాసేయొచ్చు. ఇలాంటిదే మరో సాధనమైన గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఇచ్చిన లేబుళ్లన్నీ రన్నర్‌కి (అక్కడి ఏజెంట్) ఉండి తీరాలి, ‘లేదా’, ‘కాదు’ అనే వెసులుబాటు అక్కడ లేదు. కానీ ఒక జాగ్రత్త. జెంకిన్స్‌లో ప్రతి ఏజెంట్ పేరు కూడా లేబుల్‌గా పనిచేస్తుంది. తొందరలో ‘బిల్డ్-03’ అని రాసేస్తే ఆ ఒక్క మెషీన్ పడిపోయిన రోజు పక్కన పది ఖాళీగా ఉన్నా జాబ్ కదలదు. మెషీన్‌లో ఏముందో లేబుల్ చెప్పాలి, మెషీన్ పేరు కాదు. జీపీయూ ఉన్న ఖరీదైన ఏజెంట్‌కైతే ‘లేబుల్ కుదిరిన జాబ్‌లకే’ అనే వాడుక పద్ధతి ఎంచుకోండి. లేకపోతే లేబుల్ లేని చిల్లర జాబ్‌లన్నీ వచ్చి దాని మీదే కూర్చుంటాయి.

లేబుల్‌లో ఒక్క అక్షరం తప్పినా ఎర్రర్ రాదు. ‘ఆ లేబుల్‌తో నోడ్‌లు లేవు’ అని క్యూలో చిన్న సందేశం కనిపిస్తుంది, జాబ్ మాత్రం అలాగే ఎదురుచూస్తూ ఉంటుంది. గిట్‌హబ్ సెల్ఫ్ హోస్టెడ్ (మనమే నడుపుకునే) రన్నర్ల విషయంలో 24 గంటలు దాటితే జాబ్‌ని ఫెయిల్ చేస్తుంది. జెంకిన్స్‌లో ఆ గడువు మనమే పెట్టుకోవాలి, అదీ సరైన చోట. డిక్లరేటివ్ పైప్‌లైన్‌లో (నిర్ణీత నమూనాలో రాసే పైప్‌లైన్) ఏజెంట్ పై స్థాయిలో, అంటే స్టేజ్‌లు అనే దశలన్నిటికీ బయట, ఉంటే, ఆప్షన్స్‌లో పెట్టిన టైమౌట్ ఏజెంట్ దొరికాకే మొదలవుతుంది. అంటే క్యూలో రెండు రోజులు ఆగినా అది లెక్కలోకి రాదు. పైన ఏజెంట్ ‘నన్’ అని పెట్టి, ఏజెంట్‌నీ టైమౌట్‌నీ స్టేజ్ లోపలికి దించితే ఎదురుచూసిన సమయం కూడా లెక్కకొస్తుంది. దీంతో ఒక చిక్కుంది: 20 నిమిషాల కంపైల్‌కి 30 నిమిషాల గడువు పెట్టి, క్యూలోనే 15 నిమిషాలు పోతే బిల్డ్ మధ్యలో చస్తుంది. గడువు ఉదారంగానే ఇవ్వండి.

పనుల పంపకం చూసి కొత్తవాళ్లు కంగారు పడతారు. ఒకే లేబుల్‌తో నాలుగేసి ఎగ్జిక్యూటర్లున్న ఏజెంట్లు రెండు. మొదటిదాని మీద మూడు జాబ్‌లు నడుస్తుంటే రెండోది ఊరికే ఉంటుంది. అది బగ్ కాదు. జెంకిన్స్ కన్సిస్టెంట్ హ్యాషింగ్ (ఒక జాబ్‌కి ఎప్పుడూ ఒకే ఏజెంట్ తగిలేలా చూసే లెక్క) వాడుతుంది, వీలైనంతవరకు జాబ్‌ని ఎప్పుడూ నడిచే ఏజెంట్‌కే పంపుతుంది. అక్కడ పాత వర్క్‌స్పేస్ (జాబ్ కోడ్ ఉండే ఫోల్డర్) ఉంటుంది కాబట్టి గిట్ మొత్తం రిపో (కోడ్ నిల్వ) దించుకోనక్కర్లేదు, కొత్త కమిట్లు తెచ్చుకుంటే చాలు. పెద్ద రిపో ఉన్నవాళ్లకి ఇది వరం. రిపోలు చిన్నవై, బిల్డ్‌లు సీపీయూని పిండేసేవైతే తక్కువ పని ఉన్న ఏజెంట్‌కి జాబ్ పంపే లీస్ట్ లోడ్ ప్లగిన్ వేసుకోండి. రిపో దించుకోవడం, సీపీయూ రద్దీ, ఈ రెండిట్లో మీకేది ఖరీదో కొలిచాకే మార్చండి.

మనిషి అనుమతి కోసం ఆగే ఇన్‌పుట్ స్టెప్‌ని ఏజెంట్ ఉన్న స్టేజ్‌లో పెట్టొద్దు. మేనేజర్ భోజనం చేసి వచ్చేదాకా ఒక ఎగ్జిక్యూటర్ ఖాళీగా కూర్చుని క్యూని అడ్డుకుంటుంది.

డిస్క్ సంగతి మరీ ముఖ్యం. ఏజెంట్ రూట్ డైరెక్టరీ ఉన్న డిస్క్‌లో ఖాళీ 1 జీబీ కంటే తగ్గితే జెంకిన్స్ దాన్ని తానే ఆఫ్‌లైన్ చేస్తుంది. ఏర్పాటు మంచిదే, కానీ డాకర్ ఇమేజ్‌లు (జాబ్ నడవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ మూటలు) వేరే పార్టిషన్‌లో ఉంటే ఆ నిఘా వాటిని చూడదు. ఆ పార్టిషన్ నిండగానే ఇమేజ్ దించుకునే ప్రతి జాబ్ సెకన్లలో ఫెయిలవుతుంది, ఎగ్జిక్యూటర్ వెంటనే ఖాళీ అవుతుంది, క్యూ ఇంకో జాబ్‌ని అక్కడికే పంపుతుంది. అలా ఒక్క చెడిపోయిన ఏజెంట్ క్యూలో సగం మింగేస్తుంది. జెంకిన్స్ హద్దుని 1 నుంచి 10 జీబీకి పెంచండి, డాకర్ పార్టిషన్‌కి విడిగా అలర్ట్ పెట్టండి, వాడని ఇమేజ్‌లను తుడిచే క్రాన్ జాబ్‌ని రోజూ రాత్రి నడపండి.