పైసలు కట్టించుకుని "గవర్నమెంట్ అప్రెంటిస్‌షిప్" ఇప్పిస్తమంటే జాగ్రత్త, అమీర్‌పేట్‌ల మాకు జరిగింది ఇది

అందరికి నమస్తే. పోస్ట్ కొంచెం పెద్దగున్నది, కానీ ఇంట్ల పదో తరగతో ఇంటరో అయిపోయిన పిల్లలున్నోళ్ళు ఎక్కడన్న ఫీజు కట్టే ముందు పూర్తిగ చదవండి.

మా తమ్మునికి 17 ఏండ్లు, పోయినేడు ఇంటర్ పాసైండు, డిగ్రీ వద్దు మెషీన్ల పని నేర్చుకుంట అన్నడు. మా నాయన బాలానగర్ల ఒక షెడ్డుల ఇరవై ఏండ్లు లేత్ (ఇనుము చెక్కే మెషీన్) మీద చేసిండు, ఆయనకు ఏ కోర్సూ లేకుండె, మేస్త్రీ పక్కన నిలబడి నేర్చుకున్నదే. అందుకే చిన్న షాపుల పని నేర్చుకునుడంటే మా ఇంట్ల ఎవ్వరికి చిన్నచూపు లేదు, ఆ నమ్మకంతోనే మోసపోయినం.

మైత్రివనం దిక్కు ఒక ఇన్‌స్టిట్యూట్, పేరు రాస్తలేను, కంప్లైంట్ నడుస్తున్నది. సీఎన్‌సీ (కంప్యూటర్‌తోని నడిచే లేత్ లాంటి మెషీన్) ఆపరేటర్ కోర్సు, 2 నెలలు క్లాసులు, తర్వాత 6 నెలలు ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా) కంపెనీల గవర్నమెంట్ అప్రెంటిస్‌షిప్ (పని చేస్కుంట నేర్చుకునుడు), స్టైపెండ్ (నేర్చుకునేటప్పుడు నెలనెలా ఇచ్చే పైసలు), ఆఖర్ల జాబ్ గ్యారంటీ అన్నరు. ఫీజు 42,000. అంత ఒక్కసారి కట్టలేమని అమ్మ అంటే కౌంటర్ల మేడం "ఏం ఫికర్ చేయకండి అమ్మా, ఈఎంఐ పెట్టిద్దాం" అని అప్పటికప్పుడే అమ్మ ఆధార్, పాన్ తీస్కుని ఓటీపీ చెప్పించుకున్నది. అది ఇన్‌స్టిట్యూట్ ఈఎంఐ కాదు, అమ్మ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ లోన్ అని మాకు మూడో నెలకు గాని తెల్వలే. వాళ్ళకు పైసలు మొత్తం ముందే ముట్టినయ్, మేం నెలకు 3,500 చొప్పున 12 నెలలు కట్టాలె, పిల్లగాడు మానేసినా కట్టాలె.

గోడ మీద ఫ్రేమ్ కట్టిన ఎంఎస్ఎంఈ సర్టిఫికెట్ చూసి నేను గూడ నమ్మిన. అది ఉద్యమ్ రిజిస్ట్రేషన్, 2020 జులై నుంచి ఆధార్ ఉంటే ఆన్‌లైన్ల ఫ్రీగ వస్తది, టైలర్ షాపుకు గూడ వస్తది. వీళ్ళది ఒక చిన్న వ్యాపారం అని చెప్తది అంతే. కోర్సు మంచిదా, అప్రెంటిస్‌లను పెట్టించే అధికారం వీళ్ళకున్నదా అనేది అండ్ల ఉండదు.

క్లాసులంటే 24 మందికి ఒక్క పాత మెషీన్, సగం రోజులు అది బంద్, బోర్డు మీద జీ-కోడ్‌లు (మెషీన్‌కు ఇచ్చే ఆదేశాలు) రాయించుడు, కంప్యూటర్ల సిమ్యులేటర్. సరే అనుకున్నం, అసలు పని షాపుల నేర్పుతరు కదా అని. జీడిమెట్లల ఒక షెడ్డుకు పంపిండ్రు, ఓనరు, ఇద్దరు పనోళ్ళు, అంతే. చిప్స్ (చెక్కినప్పుడు రాలే ఇనుప ముక్కలు) ఎత్తుడు, బర్ (అంచుల మీద మిగిలే గరుకు) గీకుడు, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) కలుపుడు, ఆటోల మాల్ లోడ్ చేసుడు. మొదటి నెల ఊడ్చుడు అందరికీ ఉంటది అని నాయనే అన్నడు, కానీ మూడో నెల దాకా మైక్రోమీటర్ (సన్నని కొలతలు కొలిచేది) చేతికియ్యకపోతే అది నేర్పుడు కాదు కదా. స్టైపెండ్ అడిగితే ఓనరు ఇన్‌స్టిట్యూట్ ఇస్తదంటడు, ఇన్‌స్టిట్యూటోళ్ళు ఓనరే ఇయ్యాలె అంటరు. ఆఖరికి నాయన పోయి గట్టిగ అడిగితే ఓనరు చెప్పిండు, "పిల్లగానికి గవర్నమెంట్ ఇస్తదన్నరు పెద్దమనిషీ, నేనే వాళ్ళకు 2,000 కట్టి తెచ్చుకున్న" అని. అంటే మా దగ్గర తీస్కున్నరు, ఆయన దగ్గర గూడ తీస్కున్నరు, నడుమ పిల్లగాడు మూడు నెలలు ఫ్రీగ చాకిరీ చేసిండు. ఓనర్ని నేను పూర్తిగ తప్పువట్టను, ఆయననూ ముంచిండ్రు.

ఆ నెలలనే చిప్ తగిలి చూపుడు వేలు తెగింది, 5 కుట్లు. బిల్లు మేమే కట్టినం.

నాయన దోస్తు ఒకాయన ఐటీఐల ఇన్‌స్ట్రక్టర్‌గ చేసి రిటైరైండు, ఆయనకు చెప్తే మొట్టమొదలు అడిగింది "కాంట్రాక్ట్ నంబర్ ఏది?" అని. మా దగ్గర లేదు. ఆయన చెప్పినంక గవర్నమెంట్ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ల (వెబ్‌సైట్ల) చూసుకుంటే అన్నీ సమజైనయ్. అప్రెంటిసెస్ యాక్ట్ 1961ది, దాని కింద పిల్లగానికి, పని నేర్పే యజమానికి నడుమ కాంట్రాక్ట్ ఉండాలె, అది అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్ల రిజిస్టర్ కావాలె, మైనరైతే తల్లో తండ్రో సంతకం పెట్టాలె. మా అమ్మతోని లోన్‌కి సంతకం పెట్టించుకున్నరు గని దీనికి పెట్టించలే. పోర్టల్ల రిజిస్టర్ అయ్యేటందుకు పైసా కట్టేది లేదు, స్టైపెండ్ యజమానే పిల్లగానికి ఇయ్యాలె. 2019 రూల్స్ల కనీసం నెలకు పది పాసైనోళ్ళకు 6,000, ఇంటర్ 7,000, డిప్లొమా 8,000, డిగ్రీ 9,000 అని పెట్టిండ్రు. న్యాప్స్ స్కీమ్ (అప్రెంటిస్‌లకు కేంద్రం సాయం చేసే పథకం) కింద స్టైపెండ్ల 25 శాతం, 1,500 దాకా కేంద్రం భరిస్తది, 2023 నుంచి ఆ వాటా సీదా పిల్లగాని బ్యాంకు అకౌంట్లనే పడుతది. నలుగురన్న పనోళ్ళు లేని షాపు ఈ చట్టం కింద అప్రెంటిస్‌ను పెట్టుకోనే పెట్టుకోలేదు, అంటే మా తమ్ముణ్ణి పంపిన షెడ్డు మొదటి రోజు నుంచే లెక్కల లేదు. పనిల దెబ్బ తగిలితే నష్టపరిహారం బాధ్యత గూడ యజమానిదే అని అదే చట్టంల ఉన్నది, కాంట్రాక్టే లేకపాయె, ఎవర్ని అడుగుతం?

కాబట్టి ఎవరన్న అప్రెంటిస్‌షిప్ అంటే బ్రోచర్ చూడకండి, పిల్లగాని సొంత లాగిన్ల కాంట్రాక్ట్ కనిపిస్తుందా, కంపెనీ పేరు ఏమున్నది, స్టైపెండ్ ఎంత రాసిండ్రు, అది చూడండి. పంపే షెడ్డుకు ఒకసారి మీరే పోయి ఎంతమంది పనోళ్ళున్నరో కండ్లతోని చూసి రండి. ఓటీపీ అడిగితే ఇది లోనా అని అడగండి. ఫోన్ల తీస్కునే లోన్లకు కూలింగ్ ఆఫ్ టైమ్ ఉండాలని ఆర్‌బీఐ రూల్ ఉన్నది, ఆ టైమ్ల అసలు, ఆ రోజుల ఖర్చు కట్టి బయటపడొచ్చు, మాకు తెలిసేసరికి అది దాటిపోయింది.

మల్లేపల్లిల, సనత్‌నగర్ల గవర్నమెంట్ ఐటీఐలున్నయ్. టాటా టెక్నాలజీస్‌తోని కలిసి 65 ఐటీఐలను ఏటీసీలు (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు) చేసే పని 2024ల మల్లేపల్లిలనే మొదలైంది. బాలానగర్ల సీఐటీడీ (టూల్స్ తయారీ నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 1968 నుంచి ఉన్నది, అండ్ల ఫీజు ఉంటది గని మెషీన్లు నిజంగ ఉంటయ్. ముందు అక్కడికి పోయి అడగాల్సింది, మేం పోలే.

మేం కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చినం, ఇప్పుడు జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి పోతున్నం, 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. ఇన్‌స్టిట్యూటోళ్ళు పోయిన వారం 10,000 వాపస్ ఇస్తం, ఇగ కంప్లైంట్ చేయం అని రాసియ్యుండ్రి అని కాగితం తెచ్చిండ్రు, అమ్మ సంతకం పెట్టలే. మా తమ్ముని బ్యాచ్ల మిగిలిన 23 మంది ఇంటోళ్ళు ఎవరన్న ఇది చదివితే రసీదులు, లోన్ మెసేజ్‌లు, వాట్సాప్ల వాళ్ళు పంపిన బ్రోచర్ డిలీట్ చేయకండి, నాకు మెసేజ్ పెట్టండి, కలిసి కేసు వేద్దాం.