ఐదేళ్ల 3-2 ఇంజినీరింగ్ పూర్తిచేశాక: చేరేముందు గ్రాంటు సంగతి అడగండి

అమెరికాలో 3-2 ఇంజినీరింగ్ అంటే మూడేళ్లు ఒక చిన్న కాలేజీలో, ఆపైన రెండేళ్లు ఇంజినీరింగ్ ఉన్న మరో యూనివర్సిటీలో చదివి రెండు డిగ్రీలు తెచ్చుకోవడం. దాని గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పే మాట ఒక్కటే. మొదటి కాలేజీ ఇచ్చిన గ్రాంటు, అంటే తిరిగి కట్టక్కర్లేని సాయం, మీ వెంట రెండో యూనివర్సిటీకి రాదు. అది ఆ కాలేజీ సొంత డబ్బు. నాకు ఈ విషయం అడ్మిషన్ రోజున ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. ఫిజిక్స్‌లో బీఏ, ఎలక్ట్రికల్‌లో బీఎస్ రెండూ చేతికొచ్చినా ఆ కోపం ఇంకా పోలేదు.

మూడో ఏడు చదువుతుండగా రెండో యూనివర్సిటీలో సీటు ఖాయమైంది, ఇంట్లో స్వీట్లు పంచారు. ఎంత సాయం ఇస్తారో చెప్పే ఎయిడ్ లెటర్ ఆ తర్వాత వచ్చింది. నాన్న పాత లెటర్, కొత్త లెటర్ డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, పాతదాంట్లో గ్రాంటు అంకె మీద వేలుంచి, "ఇందులో ఇది ఏదమ్మా?" అన్నారు. ఉంది, పాతదాంట్లో మూడో వంతు కూడా లేదు. మొదటి కాలేజీ ప్రభుత్వ సాయానికి పెట్టే దరఖాస్తు ఫాఫ్సా ఒక్కటే చూసింది. ఉంటున్న ఇంటి విలువ అందులో లెక్కకు రాదు. రెండోది సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే మరో దరఖాస్తు కూడా అడిగింది. అందులో ఇంటి విలువా, దాని మీద మిగిలిన అప్పూ రాయాలి. న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంటి ధర పెరిగింది గానీ నాన్న జీతం అక్కడే ఉంది.

ఇక ఐదో ఏడు. అమ్మానాన్నల మీద ఆధారపడ్డ విద్యార్థికి ఫెడరల్ లోన్ మొదటి ఏడు 5,500 డాలర్లు, రెండో ఏడు 6,500, ఆపైన ఏటా 7,500 వరకే. మొత్తం 31,000 దాటకూడదు. నాలుగేళ్లు పూర్తిగా తీసుకుంటే 27,000 అయిపోతుంది, చివరి ఏటికి మిగిలేది 4,000. మాకు ఫీజు ఎక్కువున్నది ఆ చివరి రెండేళ్లే! మిగతాది నాన్న పేరెంట్ ప్లస్ లోన్‌తో, అంటే తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ లోన్‌తో, కట్టారు. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు దానికీ పరిమితి ఉంది: ఒక్కో బిడ్డకు ఏటా 20,000, మొత్తం 65,000.

చదువు విషయానికొస్తే, మొదటి కాలేజీ గురించి ఇంతకుముందు జూనియర్లకు చాలా గొప్పగా చెప్పేదాన్ని. చిన్న క్లాసులు, పేరు పెట్టి పిలిచే ప్రొఫెసర్లు, ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ మనొక్కరికే. అదంతా నిజమే. రెండో యూనివర్సిటీలో సెమీకండక్టర్ క్లాసులో బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తి అంతరం) బోర్డు మీదికొచ్చినప్పుడు పక్కవాళ్లు ఉన్నదున్నట్టు రాసుకుంటుంటే, అది ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. ముందు ఏడాదే క్వాంటమ్ క్లాసులో ష్రోడింగర్ సమీకరణంతో కుస్తీపట్టి రాబట్టాను. కానీ అక్కడ మొదటి నుంచీ చదివినవాళ్లు సర్క్యూట్స్ రెండో ఏడే చేసేశారు. నాకేమో సర్క్యూట్స్, సిగ్నల్స్ ఒకే సెమిస్టర్లో పడ్డాయి, ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలూ అప్పుడే.

మొదటి కాలేజీలో మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఏదంటారా, ఎలక్ట్రికల్‌కీ మెకానికల్‌కీ ఫిజిక్స్, కెమికల్‌కి కెమిస్ట్రీ బాగా అతుకుతాయి. కంప్యూటర్ సైన్స్ ఒక్కటే కావాలంటే ఇంత చుట్టుదారి అక్కర్లేదు.

మాకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఫెడరల్ లోన్లయినా దక్కాయి. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా మీద ఉన్న పిల్లలకు అవీ లేవు. పైగా చాలామందికి 21 నిండేది సరిగ్గా కాలేజీ మారే వేళకే, ఆ వయసుతో హెచ్-4 అయిపోతుంది, అప్పుడు ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి. రెండు డిగ్రీలున్నా రెండూ బ్యాచిలర్సే కనుక చదువయ్యాక పనిచేయనిచ్చే 12 నెలల ఓపీటీ ఒక్కసారే వస్తుంది, సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీలకిచ్చే స్టెమ్ పొడిగింపు 24 నెలలు దాని మీదే. వాళ్లకు నేను వద్దనే అంటాను. ఫిజిక్స్ అంటే ప్రాణమై, చివరి రెండేళ్ల ఖర్చు ఇంట్లో సిద్ధంగా ఉన్నవాళ్లు చేరొచ్చు. మా తమ్ముడికి మాత్రం మా రాష్ట్ర యూనివర్సిటీ రట్గర్స్‌లో నేరుగా ఇంజినీరింగ్‌లో చేరమని చెప్పాను, చేరాడు.